గీతలు కూడు పెట్టునా?
(స్వతంత్ర అంతర్జాల చిత్రకథకుని వృత్తినిగూర్చి యొక పాఠము)

గడచిన విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతి గణితపు పుస్తకములను దిద్దుచుండగా, అందొకదాని పుటలలో లెక్కలకు బదులు మనుష్యులు కనబడిరి. పుటకు నాలుగేసి గడులు. ఆ గడులలో నొక కొంగ, ఒక చెరువు కావలివాడు, వారిరువురకు నేదో వాదము. మేము దానిని చదువలేదు. లెక్కలు తప్పులుగా నున్నవని మాత్రము చూచి, పుస్తకమును బల్లసొరుగున పెట్టి తాళము వేసితిమి.

పిమ్మట తలిదండ్రుల దినమున ఆ బాలుని తల్లి మాయొద్దకు వచ్చెను. ఆమె కుట్టుపని చేసి బిడ్డలను చదివించుకొనుచున్నది. పుస్తకము తిరిగి యిమ్మని ఆమె యడుగలేదు. "మాస్టారూ, వాడు ఈ బొమ్మలు ఫోనులో పెడుతున్నాడంట. ఓ నలభైమంది చూస్తున్నారంట. పెద్దయ్యాక ఇదే పని చేస్తానంటున్నాడు. మీరు చదువుకున్నవాళ్లు, చెప్పండి. ఈ గీతలు వాడికి కూడు పెడతాయా?" అని యడిగెను.

మాకు సమాధానము తెలియలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదివిన చదువులో ఈ వృత్తి పేరైన లేదు. "విచారించి చెప్పెదమమ్మా" అంటిమి. ఆ మాట చెల్లించుకొనుటకై మేము తెలిసికొనిన సంగతులను ఇందు విద్యార్థులకును, తలిదండ్రులకును, తోటి యుపాధ్యాయులకును మనవి చేయుచున్నాము.

1. ఈ వృత్తి యెట్టిది?

బొమ్మలను గడులలో వరుసగా నమర్చి, పాత్రల మాటలను బుడగలలో వ్రాసి చెప్పు కథకు చిత్రకథ యని పేరు. కాగితముపై అచ్చుగాక, మొదటనే అంతర్జాలమున ప్రకటింపబడు చిత్రకథను వెబ్‌కామిక్ అందురు. 1993 సెప్టెంబరులో అమెరికాదేశమున డేవిడ్ ఫార్లీ ప్రారంభించిన 'డాక్టర్ ఫన్' అట్టివానిలో మొదటి వరుసలోనిది. నేడు ఇవి అనేక భాషలలో వెలువడుచున్నవి.

ఇందు 'స్వతంత్ర' యను మాటను జాగ్రత్తగా గ్రహింపవలయును. 1947 జూలైలో ప్రారంభమై, తరతరముల పిల్లల నలరించి, పిదప నిలిచిపోయిన 'చందమామ'లో చిత్రకారులు నెలజీతముపై పనిచేసిరి. అచ్చట కథ వ్రాయువారు వేరు, బొమ్మ వేయువారు వేరు, అచ్చొత్తువారు వేరు, అంగళ్లకు పంపువారు వేరు. స్వతంత్ర చిత్రకథకునకు యజమానుడు లేడు. కావున ఆ పనులన్నియు అతనివే. తానే రచయిత, తానే చిత్రకారుడు, తానే ప్రకాశకుడు, తానే గుమాస్తా.

జీతము విడిచి ఇంత బరువు నెత్తుకొనుట యెందులకని యడుగవచ్చును. దానికొక పాత వృత్తాంతము జవాబు చెప్పును. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను నిద్దరు బాలురు ఒక ఉన్నత పాఠశాలలో చదువుచు స్నేహితులైరి. ఒకడు కథ కట్టును, రెండవవాడు బొమ్మ గీయును. వారు కల్పించిన వీరుడే సూపర్‌మాన్. 1938లో వారు 13 పుటల కథను, పుటకు 10 డాలర్లచొప్పున, 130 డాలర్లకు ఒక ప్రచురణ సంస్థకు విక్రయించిరి. కథతోపాటు ఆ వీరునిపై హక్కులన్నియు ఆ కాగితముతోనే పోయినవి. సూపర్‌మాన్ లోకమంతయు తిరిగి కోట్లు గడించెను. అతనిని కన్నవారు కోర్టుల చుట్టు తిరిగిరి. తుదకు 1975లో, ముసలితనము వచ్చుచుండగా, ఆ సంస్థను ఏలు కంపెనీవారు ఒక్కొక్కరికి ఏటికి 20,000 డాలర్ల భత్యమును నిర్ణయించి, కథలపై వారి పేళ్లను తిరిగి వేసిరి.

మన దేశమున 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ననుసరించి, బొమ్మ గీచినవాడే సామాన్యముగా దానికి మొదటి హక్కుదారు. ఆ హక్కు అతని జీవితకాలమంతయు, మరణానంతరము 60 సంవత్సరములును ఉండును. రిజిస్టరు చేయింపకున్నను హక్కు పుట్టును. అయితే ఉద్యోగిగా జీతమునకు గీచిన బొమ్మ, వేరు ఒప్పందము లేనియెడల, యజమానునిది యగును. కావున విద్యార్థులారా, ఎవరైనను మీ బొమ్మ కోరి కాగితముపై చేవ్రాలు చేయుమన్నచో, మొదట ఆ కాగితమును తుదివరకు చదువుడు. సీగెలు, షూస్టరులు మనకు విడిచిన మొదటి పాఠమిదియే.

2. ఒక పుట వెనుకనున్న పని

చదువరి యొక పుటను అరనిమిషములో చదివివేయును. దాని వెనుకనున్న పని అట్టిది కాదు. మొదట కథను మాటలలో వ్రాయవలెను. పిదప ఏ గడిలో ఏమి కనబడవలెనో అరచేయంత కాగితముపై ముతకగా గీచుకొనవలెను. అటుపై పెన్సిలు, దానిపై సిరా, తరువాత మాటలు, తుదకు రంగులు. ఇప్పుడనేకులు గాజుపలకవంటి టాబ్లెటుపై ఈ పనులన్నియు చేయుచున్నారు. కాని మెట్లు అవియే. కాగితముపై గీచి స్కాను చేయువారును గలరు.

ఇచ్చట నొక సాంకేతిక విషయము. ఫోనులో చక్కగా కనబడు బొమ్మ అచ్చున మసకగా రావచ్చును. పుస్తకము వేయదలచినయెడల, అచ్చగు పరిమాణమున అంగుళమునకు 300 చుక్కలకు తక్కువ కాకుండ బొమ్మను భద్రపరచి, అందుండి చిన్న ప్రతిని తీసి అంతర్జాలమున పెట్టవలెను. మొదటనే చిన్న ప్రతిని మాత్రము దాచుకొన్నవారు పిమ్మట పుటలన్నియు తిరిగి గీయవలసివచ్చును.

పుట ఆకారముకూడ మారినది. అమెరికా చిత్రకథకుడు స్కాట్ మెక్లౌడ్ 2000వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, కంప్యూటరు తెర కాగితమువలె నాలుగంచుల మధ్య నిలువనక్కరలేదనియు, అంతులేని పటమువలె సాగవచ్చుననియు చెప్పెను. కొరియాదేశమున నేవర్ అను సంస్థ 2004లో ప్రారంభించిన వెబ్‌టూన్‌లవంటివి, ఫోనును వ్రేలితో పైకి త్రోయుచు చదువు పొడుగు చుట్టలుగా నీ మాటను నిజము చేసినవి. అందు రెండు గడుల నడుమ విడిచిన ఖాళీయే కాలమును చెప్పును. ఖాళీ పెరిగినకొలది నిరీక్షణ పెరుగును.

బొమ్మ అందముగా లేదని దిగులుపడు విద్యార్థులకు ఒక ధైర్యవచనము. రిచ్ బర్లూ 2003లో ప్రారంభించిన 'ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్'లోను, రాండల్ మన్రో 2005లో ప్రారంభించిన 'ఎక్స్‌కేసీడీ'లోను మనుష్యులు అగ్గిపుల్లలవలె నుందురు. అయినను చదువరులు వచ్చిరి. కథయందు బిగువును, మాటయందు వాడియు ఉన్నయెడల గీత ఎంత సామాన్యమైనను చాలును. అవి లేనియెడల ఎంత చక్కని గీతయు నిలువదు.

అన్నిటికంటె కష్టమైనది క్రమము. చెప్పిన దినమున పుట రావలెను. అందుచే తెలివైనవారు కొన్ని పుటలను ముందుగా గీచి నిలువ యుంచుకొందురు. రైతునకు గాదెలోని గింజ లెట్లో చిత్రకథకునకు ఆ పుటలట్లు. జ్వరము వచ్చిన వారమున అవియే యాదుకొనును.

3. ఉచితముగా నిచ్చువానికి ధనమెట్లు వచ్చును?

ఆ తల్లి ప్రశ్నకు ప్రాణమిచ్చటనే యున్నది. వెబ్‌కామిక్‌ను తరచుగా ఎవరైనను ఊరక చదువవచ్చును. ఊరక నిచ్చువాడు బ్రదుకుటెట్లు?

మెక్లౌడ్ మొదట నొక యుపాయము సూచించెను: చదువరి కథకు కొన్ని పైసలచొప్పున చెల్లించిన చాలునని. 2003లో తన చిత్రకథనొకదానిని 25 సెంట్లకు అట్లే విక్రయించి చూచెను. కాని ఆ చిల్లర చెల్లింపులకై పెట్టిన బిట్‌పాస్ అను సంస్థ 2007లో మూతపడెను. చదువకముందు అణా యడిగినను చదువరి వెనుదిరుగునని తేలెను.

నిలిచిన యుపాయము వేరు. చెరకుతోట గట్టున దారినపోవువానికి ముక్క విరిచి ఊరకనే యిచ్చి, రుచి తెలిసినవానికి బెల్లము నమ్ముకొనుట వంటిది. అమెరికాలో ఫిల్ ఫోగ్లియో, కాయా ఫోగ్లియో అను దంపతులు 'గర్ల్ జీనియస్' అను కథను 2001 మొదలు అచ్చు సంచికలుగా వెలువరించుచుండిరి. 2005లో ఆ సంచికలను మాని, వారమునకు మూడు పుటలచొప్పున అంతర్జాలమున ఊరక నిచ్చుచు, పుటలు పోగైన పిదప పుస్తకములుగా విక్రయింపసాగిరి. ఆ కథకు 2009, 2010, 2011 సంవత్సరములలో వరుసగా హ్యూగో బహుమానము లభించెను. మరుసటి సంవత్సరమున ఇతరులకు అవకాశము కలుగవలెనని వారే తప్పుకొనిరి.

ఆదాయపు త్రోవలు ముఖ్యముగా నివి: పుస్తకముల విక్రయము, ప్రకటనలు, కోరినవారికి బొమ్మ గీచి యిచ్చుట, 2013లో వెలసిన పేట్రియాన్ వంటి చోట్ల అభిమానులు నెలనెల యిచ్చు చందా, 2009లో ప్రారంభమైన కిక్‌స్టార్టర్ వంటి చోట్ల పుస్తకము అచ్చుకాకముందే చదువరులు కట్టు సొమ్ము. ఒక్క త్రోవపై ఆధారపడినవారు తక్కువ. రెండు మూడు కలిసిననే సంసారము నడచును.

బర్లూ సంగతి ఈ విషయమున ప్రసిద్ధము. ఆయన పుస్తకములలో కొన్ని ప్రతులు చెల్లిపోగా, తిరిగి అచ్చువేయుటకు 2012 జనవరిలో కిక్‌స్టార్టర్‌లో 57,750 డాలర్లు కోరెను. నెలదినములలో 14,952 మంది చేరి 12,54,120 డాలర్లు కట్టిరి. తలకు సగటున 84 డాలర్లకు స్వల్పముగా తక్కువ.

ఈ సంఖ్యను చూచి కన్నులు చెదరనీయకుడు. లెక్క సాంతముగా చేయవలెను. కిక్‌స్టార్టర్‌వారు నూటికి 5 వంతున తీసికొందురు. ఆ మొత్తముపై అది 62,706 డాలర్లు. చెల్లింపుల రుసుము వేరు. అచ్చు, కట్టలు కట్టుట, దేశదేశములకు తపాలా వేరు. ఆ సొమ్ము బహుమానము కాదు, అప్పువంటిది. పుస్తకములను, వాగ్దానము చేసిన కొత్త కథలను ఇచ్చినగాని తీరదు. అన్నిటిని చెల్లించుటకు ఆయనకు సంవత్సరములు పట్టెను. మరియు ఈ 14,952 మంది ఒక్కనాట రాలేదు. వారి వెనుక ఎనిమిదేండ్లకు మించిన ఉచిత పుటలున్నవి.

మన యింటి లెక్క చూతము. ఇది ఊహాలెక్క మాత్రమే. పదివేలమంది చదువరులలో నూటికొక్కడు నెలకు 100 రూపాయలిచ్చెననుకొనుడు. నూరుగురు నూరేసి యివ్వగా 10,000 రూపాయలు. అందుండి రుసుములు, సామగ్రి పోవును. నలుబదిమంది చదువరులున్న మన బాలునికో? అదే లెక్కన అర మనిషియు రాడు. తలిదండ్రుల భయమునకు కారణము లేకపోలేదు.

4. చేయి గాయపడినప్పుడు

అదే 2012 సెప్టెంబరులో బర్లూ చేతికి తీవ్రమైన గాయమయ్యెను. కొన్ని నెలలు చిత్రకథ నిలిచిపోయెను. వేలకొలది జనుల సొమ్ము తీసికొనియున్న మనుష్యుడు, గీయు చేతితో గీయలేకపోయెను. చదువరులు ఓపిక పట్టిరి. ఆయన తిరిగి గీచెను. కాని జీతగానికుండు రోగపు సెలవు, భవిష్యనిధి, పింఛను స్వతంత్రునకు లేవని ఈ సంగతి చెప్పకయే చెప్పుచున్నది. వానిని అతడే తన రాబడినుండి కూర్చుకొనవలెను. మణికట్టు, వెన్ను, కన్నులు అతని పనిముట్లు. గంటకొకసారి లేచి నడువనివాడు పనిముట్టును తుప్పు పట్టనిచ్చువానితో సమానము.

రెండవ యాపద యితరుల అరుగుపై అంగడి పెట్టుట. సామాజిక మాధ్యమములందు ఎవరికేది చూపవలెనో కంపెనీలే నిర్ణయించును. నేడు వేయిమందికి కనబడిన బొమ్మ రేపు పదిమందికి కనబడకపోవచ్చును. అందుచే అనుభవజ్ఞులు చిన్నదైనను స్వంత వెబ్‌సైటును, చదువరుల ఈమెయిలు చిరునామాల పట్టికను ఉంచుకొందురు.

మూడవది క్రొత్తది. 2022 మొదలు, మాటలతో నడిగిన బొమ్మను క్షణములో కల్పించు యంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. తమ బొమ్మలను అనుమతి లేకుండ వానికి నేర్పుటకు వాడిరని 2023 జనవరిలో అమెరికాలో కొందరు చిత్రకారులు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. వారిలో నొకతె 'సారాస్ స్క్రిబుల్స్' అను వెబ్‌కామిక్ రచయిత్రి సారా ఆండర్సన్. యంత్రము బొమ్మ నీయగలదు. కాని తన యూరి చెరువును, తన యింటి మాటను, తాను చూచిన కొంగను ఎరిగినవాడు ఆ బాలుడే. చదువరి ఏండ్లతరబడి వచ్చునది ఆ మనిషి కొరకని మాకు తోచుచున్నది.

5. తెలుగున చేయదలచువారికి

తెలుగు మాటను బుడగలో నిముడ్చుట కొంత నేర్పుతో గూడిన పని. మన యక్షరములకు పైన గుడులు, క్రింద ఒత్తులు నుండును; ఇంగ్లీషునకు చాలిన వరుసల యెడము మనకు చాలదు. పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకినచో చదువరి తడబడును. కావున మొదట మాటలు వ్రాసి, పిమ్మట వాని చుట్టు బుడగ గీయుట మేలు. సిలికానాంధ్రవారు వెలువరించిన మండలి, గిడుగు, రామభద్ర, మల్లన్న మొదలగు తెలుగు అక్షరరూపములు ఎల్లరకు ఉచితముగా లభించుచున్నవి. స్వహస్తముతో వ్రాయుట అన్నిటికంటె శోభ.

చిల్లర చెల్లింపు 2007లో విఫలమయ్యెనని చెప్పితిమి. మన దేశమున 2016లో యూపీఐ వచ్చినది మొదలు, ఒక మనుష్యుడు మరియొకనికి పది రూపాయలైనను ఫోనుతో రుసుము లేకుండ పంపగలుగుచున్నాడు. త్రోవ యున్నది, దానిపై నడచునంత మంది చదువరులను కూర్చుకొనుట చిత్రకథకుని పని. హైదరాబాదునను, బెంగుళూరునను, కడలి యావలనునున్న తెలుగువారందరు ఒక్క పుటను ఒక్క దినముననే చదువగలరు. ఇది మన పెద్దల కాలమున లేని భాగ్యము.

6. కడపటి మాట

ఈ వృత్తిలో పేరొందినవారిని పరికించినపుడు మాకొక సంగతి స్పష్టమయ్యెను. వారు బొమ్మ నొక్కదానినే నేర్చినవారు కారు. మన్రో భౌతికశాస్త్రము చదివి, నాసాలో పనిచేసి, శాస్త్రమునే హాస్యముగా మలచెను. కెనడాకు చెందిన కేట్ బీటన్ చరిత్ర చదివినది. చదువు కొరకు చేసిన అప్పు తీర్చుటకు ఆల్బర్టా చమురు క్షేత్రములలో పనిచేసినది. చరిత్రపురుషులపై 2007 మొదలు అంతర్జాలమున హాస్యచిత్రములు గీచి, చమురు క్షేత్రముల యనుభవమును 2022లో 'డక్స్' అను గొప్ప గ్రంథముగా వెలువరించినది. మన దేశమున నాగపూరువాడైన రోహన్ చక్రవర్తి దంతవైద్యము చదివి, 2010 మొదలు 'గ్రీన్ హ్యూమర్' పేరిట అడవి మృగములను, పక్షులను గూర్చి గీయుచున్నాడు. పాఠమును విడిచినవాడు బొమ్మలోనికి తేగలిగినదేమి?

ఇక ఆ పుస్తకము సంగతి. ఇవన్నియు తెలిసికొనిన పిదప మేము సొరుగు తెరచి, ఆ కథను మొదటినుండి తుదివరకు చదివితిమి. ఇరువదిరెండు పుటలున్నవి. కొంగ దినమునకు మూడు చేపలను తినగా చెరువున మిగిలిన వెన్నియో కావలివాడు ప్రతిసాయంకాలము లెక్కించును; పిల్లచేపలు పెరుగుటను, బెస్తవారు పట్టుటను కూడ లెక్కలోనికి తెచ్చును. ఆ లెక్క ఒక్కచోటనైన తప్పలేదు. ఎదుటి పుటలో మేమిచ్చిన లెక్క తప్పియున్నది. ఉపాధ్యాయులైన మేము చూడవలసిన దానిని చూడకయే తాళము వేసితిమని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

పుస్తకమును బాలునికిచ్చి, తల్లిని పిలిపించి, మా సమాధానము చెప్పితిమి: "అమ్మా, ఈ గీతలు ఇప్పుడు కూడు పెట్టవు. పెట్టినను ఏండ్లు పట్టును. కొందరికి ఎన్నటికిని పెట్టవు. అందుచే చదువు మానరాదు, చేతికి మరియొక పని యుండవలెను. అట్లని చేయి కట్టివేయనక్కరలేదు. ఏడాదిపాటు ప్రతి శనివారము ఒక పుట పెట్టుమనుడు. మానక పెట్టెనా, వానిలో పనివాడున్నాడు. మానెనా, వానికే తెలిసిపోవును. మనము కొట్టి చెప్పనక్కరలేదు." ఆమె కొంతసేపు ఊరకుండి, "శనివారం రాత్రి లైటు ఆపమని అననులెండి" అన్నది.

ఈ వ్రాత అచ్చునకు పోవునాటికి ఇరువదియారు శనివారములు గడచినవి. ఇరువదిమూడు పుటలు వెలువడినవి. తప్పిన మూటిలో రెండు పరీక్షల వారములు; మూడవది బద్ధకమని బాలుడే ఒప్పుకొన్నాడు. చదువరులు నూటపదునొకండు. గణితమున మార్కులు కొంచెము పెరిగినవి.

అభ్యాసములు

1. మీ యింటిలో ఈ వారము జరిగిన యొక చిన్న సంగతిని నాలుగు గడులలో చెప్పుడు. మాటలు ఇరువదికి మించరాదు.

2. ఒక చిత్రకథకునకు 4,000 మంది చదువరులు. అందు నూటికిద్దరు నెలకు 50 రూపాయలచొప్పున నిత్తురు. చందా నడుపు సంస్థ పదియవ వంతు తీసికొనును. ఏటికి చేతికి వచ్చునదెంత? అది మీ యింటి ఖర్చునకు ఎన్ని నెలలు చాలునో తలిదండ్రులనడిగి వ్రాయుడు.

3. సీగెల్, షూస్టర్ల స్థానమున మీరున్నచో, ఆ కాగితముపై చేవ్రాలు చేయకముందు ఏయే ప్రశ్నల నడిగియుందురు?